గాలి రాని వైపు చెట్లు

బ్రాకెన్ పాయింట్, టాస్మేనియా
ఫిబ్రవరి 12, 1984

లోర్నాకు,

మేమంతా క్షేమం. మీరూ క్షేమమే అయి ఉంటారు, కాకపోతే మా మరిది కీత్ ఫోన్ చేసి ఉండేవాడు.

క్రిస్మస్ కార్డు తప్ప నేను నీకు రాయను, నువ్వూ రాయవు. ఇప్పుడు పనిపడి రాస్తున్నాను. మీ బావగారి బాబాయి కొడుకు మెర్విన్ తెలుసుగా, రిటైరయ్యాక ఏం చెయ్యాలో తోచక రెన్‌షా వంశచరిత్ర పుస్తకం వేస్తున్నాడు. మొదటి రెన్‌షా ఈ కొండ మీద గుడిసె వేసుకుని నూట యాభై ఏళ్ళయిందట. నవంబరులో మా ఇంటి ముందే విందు, పుస్తకం విడుదల. రాసినంత వరకు నాకు చూపించాడు. ఏ పొట్టేలు ఏ సంవత్సరం బహుమతి గెలిచిందో, దాని తల్లి ఎవరో, దాని అమ్మమ్మ ఎవరో అన్నీ ఉన్నాయి. ఈ ఇంటికొచ్చిన కోడళ్ళ గురించి మాత్రం ఆన్, సారా, ఈడిత్, ఐవీ అని పేర్లు రాసి ఊరుకున్నాడు. ఎవరి కూతుళ్ళో, ఎక్కడి నుంచి వచ్చారో ఒక్క ముక్క లేదు.

"గొర్రెలకున్న పుట్టిల్లు మాకు లేదా మెర్విన్?" అని అడిగాను.

"అయితే ఆ అధ్యాయం నువ్వే రాయి వదినా" అన్నాడు. నోరు ఊరుకోనందుకు నాకు పడ్డ శిక్ష ఇది.

ఆన్ డెవన్ నుంచి వచ్చిన రొట్టెలవాడి కూతురు. ఈడిత్ లాన్సెస్టన్‌లో వడ్రంగి కూతురు. మన అత్తగారు ఐవీ అయితే తన పుట్టిల్లు పాస్టరు గారి ఇల్లని రోజుకోసారైనా చెప్పేది, దానికి వేరే పరిశోధన అక్కర్లేదు. తేలనిది సారా ఒక్కతే. సారా హాలెట్, మా ఆయనకీ మీ ఆయనకీ తాతమ్మ. ఓడ కెప్టెన్ కూతురని ఇంట్లో చెప్పుకోవడమే గాని ఏ ఓడో, ఏ ఊరో ఎవరికీ తెలియదు.

సారా వస్తువుల్లో మిగిలింది ఒక్కటే, అది కూడా ఈ ఇంట్లో లేదు. పచ్చగవ్వల దండ. పుస్తకంలో ఫొటో వెయ్యాలి, పంపించు.

గుర్తు చెయ్యక్కర్లేదు గాని చేస్తాను. సారా దాన్ని ఈడిత్‌కి ఇచ్చింది, ఈడిత్ మన అత్తగారికి ఇచ్చింది. పెద్దకోడలికి తొలి బిడ్డ పుట్టినప్పుడు అత్తగారు తన మెడలోంచి తీసి కోడలి మెడలో వెయ్యాలి. ఈ ఇంటి ఆచారం అది. 1954లో మా గ్రాహం పుట్టినప్పుడు నేను మెడ బోసిగా ఉంచుకుని ఆస్పత్రి మంచం మీద ఎదురుచూశాను. నర్సుతో చెప్పి శిలువ గొలుసు కూడా తీయించుకున్నాను. అత్తగారు వచ్చింది. పిల్లాడికి ఊలు మేజోళ్ళు ఇచ్చింది, వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి చూస్తే ఆవిడ అద్దం బల్ల మీద గాజు గిన్నె ఖాళీగా ఉంది. "లోర్నాకిచ్చాను" అంది, పక్కింటికి ఉప్పు ఇచ్చినంత తేలిగ్గా.

ముప్ఫై ఏళ్ళు నేను ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడూ పోట్లాడట్లేదు. ఫొటో తీయించి తిరిగి పంపేస్తాను.

డల్సీ


అన్లీ, అడిలైడ్
మార్చి 3

డల్సీ అక్కయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. పోట్లాడట్లేదని రాస్తూనే పోట్లాడటం మీకే చెల్లింది.

దండ పంపలేను. అక్టోబరులో మా అమ్మాయి రాబిన్ పెళ్ళి, అది వేసుకునే చర్చికి వెళ్తుంది. పోస్టులో పోయిందంటే నేను దానికేం సమాధానం చెప్పను? ఫొటో ఇక్కడే మంచి స్టూడియోలో తీయించి పంపుతాను.

మీరు గ్రాహం మేజోళ్ళ సంగతి గుర్తు పెట్టుకున్నారు కాబట్టి నేనూ ఒకటి రెండు గుర్తు చేస్తాను. మీకు ఆ ఇల్లు దక్కింది, ఆ వరండా దక్కింది. అత్తగారు తన చేతి ఆప్రికాట్ జామ్ మీకు నేర్పింది. నేను అడిగిన ప్రతిసారీ ఒక్కో రకంగా చెప్పింది, ఒక్కసారీ గట్టిపడలేదు. మేం ఎప్పుడొచ్చినా రెండో రోజు పొద్దున్నే "కీత్‌కి బ్యాంకులో సెలవుందో లేదో" అనేది. సెలవున్నా పెట్టె సర్దుకునేదాన్ని. పోయేటప్పుడు ఆవిడ చెయ్యి మీ చేతిలో ఉంది. నేను వచ్చేసరికి శవపెట్టె మూత బిగించేశారు. ఇన్ని మీకు పోగా నాకు మిగిలింది గుప్పెడు గవ్వలు. దాని మీద కూడా మీ కళ్ళే.

సారా సంగతి నాకు వదిలేయండి. ఇక్కడ పెద్ద గ్రంథాలయం ఉంది, మీ ఊళ్ళో ఉన్నది గొర్రెల మందుల కొట్టు. ఇప్పటికే ఒక కెప్టెన్ హాలెట్‌ని పట్టుకున్నాను. అమెరికావాడు, తిమింగలాల వేట ఓడ, హవాయి మీదుగా ఈ వైపు వచ్చేవాడట. వివరాలు రాసుకున్న కాగితం దీనితో పెడుతున్నాను. గవ్వల దండ హవాయిది అయి ఉంటుంది, వాళ్ళు గవ్వలు గుచ్చుతారుగా. ఆ అధ్యాయం కింద నా పేరు కూడా వెయ్యమని మెర్విన్‌తో చెప్పండి. నా పేరు ముందు ఉన్నా నాకు అభ్యంతరం లేదు.

బావగారికి నమస్కారాలు.

లోర్నా


బ్రాకెన్ పాయింట్
ఏప్రిల్ 8

లోర్నాకు,

నీ కెప్టెన్‌ని చూశాను. నువ్వు పంపిన కాగితం మీదే అతను పుట్టిన సంవత్సరం ఉంది, చూసుకోలేదా? సారా పుట్టేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు. అమెరికాలో పిల్లలు త్వరగా ఎదుగుతారేమో నాకు తెలియదు, అంత పెద్ద గ్రంథాలయం మా ఊళ్ళో లేదు.

నేను మాత్రం కాళ్ళు అరగదీసుకుంటున్నాను. లాన్సెస్టన్ చర్చిలో సారా పెళ్ళి రాసుకున్నారు గాని పుట్టిన ఊరు దగ్గర ఖాళీ. ఆమె ఎక్కి వచ్చిన ఓడ ఏ చిట్టాలోనూ లేదు. ఒక మనిషి ఈ ద్వీపానికి ఓడ ఎక్కకుండా ఎలా వస్తుంది?

నిన్న సమాధుల దగ్గరికి వెళ్ళాను. ఆన్, ఈడిత్, అత్తగారు అందరూ కంచెలోపల మొగుళ్ళ పక్కన ఉన్నారు. సారా ఒక్కతే కంచె బయట, కొండ చివర ఉంది. అక్కడే పెట్టమని ఆమే కోరుకుందట. "ఆమెకి సముద్రం ఇష్టమని మా నాయనమ్మ చెప్పేది" అన్నాడు మీ బావగారు. ఇష్టమే అయితే పాపం ఆ సముద్రం ఇప్పుడు కనిపించదు. ఎదురుగా అత్తగారు నాటించిన పైన్ చెట్లు. గాలికి అడ్డమట. మాకు గాలి వచ్చేది పడమటి నుంచి, చెట్లు ఉన్నది ఈశాన్యం వైపు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో వంటింటి కిటికీ లోంచి దీవులు కనిపించేవి. ఆ చెట్లు ఎదిగాక పట్టపగలు దీపం వేసుకుని కూరలు తరుగుతున్నాను. కొట్టించమంటే ప్రతిసారీ ఆవిడకి గుండెల్లో నొప్పి వచ్చేది.

సరే, నా ఆలోచన ఇది. సారా తండ్రి ఓడ ఆ దీవుల దగ్గరే మునిగి ఉంటుంది. అతన్ని అక్కడే పాతిపెట్టి ఉంటారు. అందుకే ఆమె అటువైపు చూస్తూ పడుకుంది. జూన్‌లో గొర్రెల పని తగ్గాక ఫ్లిండర్స్ దీవికి వెళ్ళి వెతుకుతాను. అధ్యాయం కింద ఎవరి పేరు ముందుంటుందో వచ్చాక మాట్లాడుకుందాం.

డల్సీ


అన్లీ
మే 6

అక్కయ్యగారికి,

విమానం ఎక్కి దీవులు తిరిగే వీలున్నవాళ్ళు తిరుగుతారు. మాలాంటివాళ్ళు పెళ్ళి భోజనానికి ఎంతమందో చూసుకుంటూ కూర్చోవాలి.

ఫొటో పంపుతున్నాను. గవ్వలు ఒక్కటి కూడా ఊడలేదని గమనించండి. ఇన్నేళ్ళలో టాస్మేనియా వచ్చినప్పుడు ఒక్కసారి కూడా దాన్ని మెడలో వేసుకు రాలేదు. ఎందుకో మీకూ తెలుసు, అత్తగారికీ తెలుసు. నా మంచితనం మీరు ఎప్పుడూ గుర్తించలేదు.

లోర్నా


ఫ్లిండర్స్ దీవి
జూన్ 17

లోర్నాకు,

ఇది కూర్చుని చదువు.

నిన్న ఇక్కడి హాల్లో బడి కోసం ఆడవాళ్ళ సంత జరిగింది. వాన పడుతుంటే టీ తాగుదామని లోపలికి వెళ్ళాను. కేకులు, ఊరగాయ సీసాలు, అల్లిన టోపీలు. చివరి బల్ల మీద నల్లగుడ్డ పరిచి ఉంది, దాని మీద సారా దండ.

ఒకటి కాదు, వరసగా ఉన్నాయి. అవే చిన్న గవ్వలు, వెలుగు పడితే నీలంలోకి తిరిగే అదే పచ్చదనం. ముందు నాకేమనిపించిందో చెబుతాను, నవ్వుకో. నేను ఇన్నేళ్ళు దేనికోసం కుళ్ళిపోయానో అది బల్ల మీద పడి ఉంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. లోర్నా గొప్పగా దాచుకున్నది ఇదా అని లోపల పండగ చేసుకున్నాను.

బల్ల వెనక నా ఈడు మనిషి గవ్వలు గుచ్చుతోంది. పేరు విడా. దక్షిణాన ఉన్న చిన్న దీవిలో వాళ్ళ ఇల్లు, సంత కోసం పడవలో వచ్చింది.

"మా అత్తగారికి ఇలాంటిదే ఉండేదండీ, హవాయి నుంచి వచ్చింది" అన్నాను.

"అవునా? హవాయిలో మా వాళ్ళెవరున్నారో మరి" అంది తలెత్తకుండా. పక్క బల్లవాళ్ళు నవ్వారు. "ఈ గవ్వ ఇక్కడి నీళ్ళలోది తల్లీ. ఇలా గుచ్చేది మా ఆడవాళ్ళమే. ఎవరింటి దానివి నువ్వు?"

"బ్రాకెన్ పాయింట్. రెన్‌షా వాళ్ళ పెద్ద కోడల్ని."

సూది ఆగింది.

"పైన్ చెట్ల కొండా?"

"ఇంత దూరం కనిపిస్తాయా ఆ చెట్లు?"

"ఇక్కడికి కనిపించవు, మా ఇంటి దగ్గరికి కనిపిస్తాయి. చెట్లు లేనప్పుడు మీ కొండ మీద పొగ కూడా కనిపించేది. మా అమ్మమ్మా సారా అక్కచెల్లెళ్ళు. సారా పెళ్ళయి అటు వెళ్ళాక పొద్దున్నే పచ్చి కొమ్మలు కాల్చేదట, బాగానే ఉన్నానని. అది చూసి మా అమ్మమ్మ ఇక్కడ కాల్చేది, మేమూ బాగున్నామని."

నాకు ఇంకా బుర్రకెక్కలేదు. "అంటే కెప్టెన్ గారికి ఇద్దరు కూతుళ్ళా?" అన్నాను.

"కెప్టెనా?" కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది. "పడవుండేదిలే. సీల్ జంతువుల్ని వేటాడి తోళ్ళు అమ్ముకునేవాడు. పడవున్నవాడల్లా కెప్టెనే కదా. సారా వాళ్ళమ్మ మాత్రం ఇక్కడి మనిషి. మీ పడవలు రాకముందు నుంచీ ఈ నేల మీద ఉన్న మనుషుల్లో మనిషి."

"ఆదివాసులా? కానీ టాస్మేనియాలో వాళ్ళెవరూ..." అని ఆగిపోయాను.

"మిగల్లేదని బళ్ళో చెప్పారు కదూ? మా బళ్ళోనూ అదే పుస్తకం. నేను లేనని మాస్టారు నాకే చెప్పాడు, ఎదురుగా కూర్చోబెట్టి."

లోర్నా, నా టీ చల్లారిపోయింది. ఆవిడే ఇంకోటి తెప్పించింది.

తర్వాత మిగతాది చెప్పింది. ఈడిత్‌కి అంతా తెలుసట. మటన్‌బర్డ్ అనే సముద్రపక్షుల వేట కాలం అయ్యాక విడా వాళ్ళమ్మ ఉప్పేసిన పక్షుల పీపాలు పడవలో తెస్తే, ఈడిత్ వంటింట్లో కూర్చోబెట్టి కబుర్లు చెప్పేదట. ఈడిత్ పోయాక, 1953లో, విడా కూడా తల్లితో మా ఇంటికి వచ్చింది.

"మీ అత్తగారు వరండాలో ఉంది. చర్చి ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. ఆవిడ మెడలో దండుంది. మా అమ్మ మెట్ల కింద నిలబడి 'కోడలా, మా సారా పెద్దమ్మ దండ నీ మెడకి నిండుగా ఉందే' అంది. మా సారా ఇంటి కోడలే కదా మరి."

"మా అత్తగారు ఏమంది?"

"'ఈవిడెవరో నాకు తెలియదు' అని వాళ్ళతో అంది. లోపలికెళ్ళి తలుపేసుకుంది. పక్షులు కూడా కొనలేదు. తర్వాతి ఏడు పడవలో వస్తూ చూస్తే కొండ మీద వరసగా మొక్కలు, ఇటు వైపు. మా అమ్మ పడవ తిప్పెయ్యమంది. ఇంక రాలేదు మేము."

రాత్రంతా ఇదే తిప్పుకుంటూ పడుకున్నాను. 1953లో, నేను కోడలిగా రాకముందు, ఆ మాట జరిగింది. 1954లో చెట్లు నాటించింది. ఆ ఏడే నీ పెళ్ళి, ఆ ఏడే దండ నీ చేతికి వచ్చింది. లోర్నా, ఆవిడ అది నీకిస్తూ ఏమందో నాకు చెప్పు. నీకు తెలిసినంత నిజం చెప్పు చాలు.

డల్సీ


అన్లీ
జులై 5

డల్సీ గారికి,

మీ ఉత్తరం చదివాను. మీ నుంచి ఎంతో ఊహించాను గాని ఇంత ఊహించలేదు.

దండ నాకు దక్కిందని మీకు కడుపుమంట. అది ఇన్నేళ్ళూ కనబడుతూనే ఉంది. నేను వేసుకుంటే ఓర్చుకోలేరు, నా కూతురు వేసుకుంటే ఓర్చుకోలేరు. అందుకని ఇప్పుడు సంతలో ఎవరో చెప్పారని ఈ కథ. ఆవిడ ప్రేమగా ఇచ్చింది. ఆ ఇంట్లో నాకు దక్కిన ప్రేమ అదొక్కటే. ఇల్లంతా మీరు తీసుకున్నారు, ఇదొక్కటీ నాకు ఉండనివ్వకూడదా?

కీత్‌కి ఈ ఉత్తరం చూపించలేదు. చూపించను. మీ పుస్తకంలో మీ ఇష్టం వచ్చింది రాసుకోండి, నా పేరు వెయ్యకండి.

లోర్నా


బ్రాకెన్ పాయింట్
జులై 14

లోర్నా,

ఇస్తూ ఏమంది?

డల్సీ


అన్లీ
ఆగస్టు 11

అక్కా,

నీ ఒక్క ముక్క ఉత్తరం బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. తాళం వేసినా వినబడుతూనే ఉంది.

చెబుతాను. మేం అడిలైడ్ ఓడ ఎక్కే రోజు. నువ్వు నిండు నెలలతో పై గదిలో పడుకుని ఉన్నావు. అత్తగారు నన్ను బట్టలు ఉతికే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. దండని పాత జేబురుమాలులో చుట్టి నా సంచీ అడుగున పెట్టింది. "అక్కడ వేసుకో అమ్మా. ఈ ద్వీపంలో మాత్రం ఎప్పుడూ మెడలో వెయ్యకు, ఎవరికీ చూపించకు. డల్సీ చూసిందంటే ఏడ్చి చస్తుంది" అంది. చెప్తూ చెప్తూ సంచీ మూతి రెండుసార్లు బిగించి కట్టింది. కళ్ళ నిండా నీళ్ళు.

ప్రేమనుకున్నాను అక్కా. పెద్ద కోడల్ని కాదని నాకు ఇచ్చిందని ఎంత మురిసిపోయానో నీకు చెప్పలేను. అడిలైడ్‌లో ఒంటరిగా ఉన్న రోజుల్లో, నువ్వు ఆ వంటింట్లో ఆవిడతో కబుర్లు చెప్పుకుంటున్నావని గుర్తొచ్చినప్పుడల్లా దండ తీసి అద్దం ముందు వేసుకునేదాన్ని. నువ్వు అక్కడ ఏడుస్తున్నావని తెలిసి నాకు బలం వచ్చేది. మమ్మల్ని రెండు రోజులకే పంపించేస్తే కూడా నీకు జడిసి అనుకున్నాను. దండ ఎక్కడ సంచీలోంచి బయటకి వస్తుందో అని ఆవిడ హడలిపోయేదని నాకు తట్టలేదు. ఎందుకు తడుతుంది? నువ్వు కుళ్ళుబోతువని ఆవిడ చెప్పింది, నాకు నమ్మడం ఇష్టంగా ఉంది, నమ్మాను. నీకూ నేను దొంగననే అనిపించి ఉంటుంది.

నా పోయిన ఉత్తరంలో అన్నవి వెనక్కి తీసుకోను, ఎందుకంటే అప్పుడు నిజంగా అలాగే అనిపించింది. కానీ ఇప్పుడు అలా లేదు.

రాబిన్‌కి తెలిసిపోయింది. పెళ్ళి గౌను కొలతలు చూసుకుంటూ దండ వేసుకుంటే దారం పుటుక్కున తెగింది. ఇద్దరం నేల మీద మోకాళ్ళ మీద పాకుతూ గవ్వలు ఏరాం. ఏరుతూ నేను ఏడుస్తుంటే ఎందుకని అడిగింది, చెప్పేశాను. అది ఏరిన గవ్వలు ఒళ్ళో పోసుకుంది. తర్వాత "మీ ఇద్దరూ దండ ఎవరిదని కొట్టుకుంటూనే ఉన్నారు, మనం ఎవరి పిల్లలమో నాకెప్పుడు చెప్దామనుకున్నావు?" అంది. నిజమే కదా. నువ్వూ నేనూ వేరే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళం. సారా రక్తం మన మొగుళ్ళది, మన పిల్లలది. దాచింది మాత్రం ఆడవాళ్ళం.

కీత్‌కి రాబినే చెప్పింది. పెరట్లోకి వెళ్ళి నిమ్మచెట్టుకు చాలాసేపు నీళ్ళు పోశాడు. లోపలికొచ్చి "మా నాయనమ్మ ఆ పక్షుల్ని ఎంత ఇష్టంగా తినేదో" అన్నాడు. అంతే.

గవ్వలన్నీ టీ డబ్బాలో పోశాను. రాబిన్ ఏమో విడా గారు గుచ్చితేనే వేసుకుంటానంటోంది. డబ్బా నీకు పోస్టులో పంపమంటావా? ఇప్పుడు అడగటానికే సిగ్గుగా ఉంది గాని, ఇది నీకు రావలసింది. ఆస్పత్రి మంచం మీద నువ్వు గొలుసు తీసేసి కూర్చున్నావని రాశావే, ఆ ముక్క నన్ను నిద్రపోనివ్వట్లేదు.

లోర్నా


బ్రాకెన్ పాయింట్
సెప్టెంబరు 2

లోర్నా,

నీ ఉత్తరం వంటింట్లో కూర్చుని చదివాను. దీపం వేసుకోకుండా చదివాను. ఎందుకో చెబుతాను.

దీవి నుంచి వచ్చిన రోజే మీ బావగారికి అంతా చెప్పాను. గొర్రెల దగ్గరికి వెళ్ళాడు, వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. వారాల తరబడి ఇదే వరస. నాకు భయమేసింది. రెండు వారాల కిందట ఆదివారం మెర్విన్ వచ్చాడు. నేను రాసిన అధ్యాయం చేతిలో పెట్టుకుని, "వదినా, ఇది నిజమే కావచ్చు గాని ఊళ్ళో ఏమనుకుంటారు? కెప్టెన్ కూతురనే ఉంచుదాం" అని మొదలుపెట్టాడు. మీ బావగారు అప్పటిదాకా బూట్లు తుడుచుకుంటున్నాడు.

"మెర్విన్, ఆమె లేకపోతే పుస్తకం వెయ్యడానికి నువ్వుండేవాడివి కాదు, చదవడానికి నేనుండేవాణ్ణి కాదు. రాసింది రాసినట్టు వెయ్యి" అన్నాడు. మెర్విన్ టీ కూడా తాగకుండా వెళ్ళాడు. వేస్తాడు. వెయ్యకపోతే విందు మా ఇంట్లో కదా, గేటు తాళం నా దగ్గర ఉంది.

మర్నాడు పొద్దున్నే రంపం చప్పుడు వినబడింది. పైన్ చెట్లు. గ్రాహం, మీ బావగారు ఇద్దరే, ఎవర్నీ పిలవలేదు. వారం పట్టింది. చివరి చెట్టు పడ్డాక వంటింట్లోకి ఎండ వచ్చింది. గోడలకి రంగు ఇంత వెలిసిపోయిందని నాకిప్పుడే తెలిసింది. కిటికీ లోంచి దీవులు కనిపిస్తున్నాయి, సారా సమాధి దగ్గర నుంచీ కనిపిస్తున్నాయి.

నిన్న గాలి లేదు. మీ బావగారు పచ్చి కొమ్మలు పోగేసి కొండ చివర అంటించాడు. నేను ఏమీ చెప్పలేదు, తనే చేశాడు. పొగ నిటారుగా లేచింది. చాలాసేపు ఏమీ లేదు. పిచ్చిపని చేశామని లోపలికి వెళ్ళబోతుంటే గ్రాహం చెయ్యి చాపాడు. చిన్న దీవి మీద, దారప్పోగంత, పొగ. మీ బావగారు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆయన వైపు చూడలేదు. చూస్తే ఆయన నిలబడలేకపోయేవాడు.

నాకు అత్తగారి మీద కోపం రావాలి, వస్తోంది కూడా. పోయేముందు నా చెయ్యి పట్టుకుందని నువ్వు అసూయపడ్డావే, ఆ చెయ్యి పట్టుకుని ఆవిడ అన్న ఆఖరి మాట నీకెప్పుడూ చెప్పలేదు. "చెట్లు కొట్టించకు డల్సీ" అంది. ప్రేమగా నా పేరు పిలిచిందని ఇన్నాళ్ళూ గర్వపడ్డాను. ఆవిడ కొండ మీద ఒక వరస నాటింది. మనిద్దరి మధ్య ఇంకో వరస నాటింది. దానికి నువ్వూ నేనూ ముప్ఫై ఏళ్ళు నీళ్ళు పోసి పెంచాం.

డబ్బా పోస్టులో పంపకు. నువ్వే తీసుకురా, రాబిన్‌ని కూడా తీసుకురా, పెళ్ళికి ఇంకా వ్యవధి ఉంది. విడా పడవలో వస్తుంది, వంటింట్లోనే కూర్చోబెడతాను. ఫోన్లో అడిగితే దారం మారుస్తానంది గాని ఒక షరతు పెట్టింది. "గుచ్చాక ఎవరి మెడలో వెయ్యాలో నేను చెప్తా. అది మా సారాది. మీరిద్దరూ ఊరికే కొట్టుకున్నారు" అంది. నాకూ న్యాయమే అనిపించింది.

ఆవిడ దాన్ని నీ మెడలోనో నీ కూతురి మెడలోనో వేస్తే నేను ఏడుస్తాను, ముందే చెబుతున్నాను. ఏడవనీ. ఈసారి ఏడుపు అచ్చంగా నా సొంతం, ఒకరు నాటింది కాదు. రెండు రోజులకని రాకు. నెల రోజులకు సరిపడా బట్టలు తెచ్చుకో.

నీ అక్క,
డల్సీ